పిలిస్తే పలికే బాల్కనీ

"తల్లి కడుపున పుట్టిన ఏ చెవీ దీన్ని కనిపెట్టలేదు!"

అమెరికాలో, కెంటకీ రాష్ట్రపు పడూకా ఊరి ఒపేరా హౌస్ స్టేజీ మీద నిలబడి మెర్ల్ పికెట్ రెండు చేతులూ చాచి ప్రకటించాడు. "ఇదిగో మా లార్క్‌వుడ్ కంపెనీ పాటల పెట్టె. పక్కన, ఆ రికార్డులో పాడిన మిస్ ఈవెట్ దువాల్ గారు. దీపాలు ఆర్పేస్తాం. కాసేపు పెట్టె పాడుతుంది, కాసేపు ఆవిడ పాడతారు. ఏది పెట్టో, ఏది మనిషో చెప్పగలిగినవాడు ఇంకా పుట్టలేదు. డెబ్భై ఊళ్లు తిరిగాం. ఒక ఊళ్లో ఎటూ తేల్చుకోలేక జడ్జిగారు రాజీనామా చేశారు. ఇంకో ఊళ్లో పెళ్లికొడుకొకడు మనసు పారేసుకుని పెట్టెకే ఉంగరం తొడగబోయాడు. వేలు దొరక్క ఆగాడు."

హాలు గొల్లుమంది.

తిరిగింది పట్టుమని పది ఊళ్లు. జడ్జీ లేడు, పెళ్లికొడుకూ లేడు. అంతకంటే పెద్ద అబద్ధం ఒకటుంది. దాన్ని మోస్తున్న మనిషి పెట్టె వెనక నల్ల తెర చాటున నిలబడి, దగ్గు రాకుండా గొంతు పట్టుకుని ఉంది. ఆవిడ పేరు ఆర్డీలియా పూల్.

కిందటి వారాలు చదివినవాళ్లు ఓపిక పట్టాలి, చదవనివాళ్లు చెవి ఇటు పడేయాలి. సంగతి ఇదీ. చికాగోలో రికార్డింగు రోజున ఈవెట్ దువాల్ సంగీతం బడిలో నేర్చిన గొంతుతో గొంతు పట్టే రికార్డింగు కొమ్ములోకి పాడితే, మైనం పళ్లెం మీద సూది గాడి తప్పి గెంతింది. మళ్లీ పాడితే మళ్లీ గెంతింది. కొమ్ము ఎంత దూరంలో పెట్టాలో చూసుకోడానికి ఎవరో ఒకరు పాడండయ్యా అన్నాడు మైనం పనివాడు. బయట వరండా బల్ల మీద ఆర్డీలియా పొద్దున్నుంచీ కూర్చుని ఉంది. నల్లపిల్ల. తన పేరు మీద ఒక్క రికార్డు చెయ్యమని అడగడానికి వచ్చింది. మెర్ల్ ఆమెను లోపలికి పిలిచి పాడమన్నాడు. పళ్లేన్ని తిరగనివ్వమని పనివాడికి కన్ను గీటాడు.

మెర్ల్ ఉద్దేశం తమాషా. కంపెనీ యజమాని పెద్దాయన లార్క్‌వుడ్‌కి ఆ పాట వినిపించి, ఇది దువాల్ గారి పాటేనని చెప్పి, ఆయన నమ్మాక పకపకా నవ్వాలని. పెద్దాయన విన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. మెర్ల్ చెయ్యి పట్టుకుని, "అబ్బాయ్, ఈ కంపెనీలో చెవులున్నవాడివి నువ్వొక్కడివేరా" అన్నాడు. అంత ఆప్యాయంగా పట్టుకున్న చెయ్యి విడిపించుకుని నవ్వడం మెర్ల్‌కి చేతకాలేదు. అలా పొద్దున తమాషాగా పుట్టింది సాయంత్రానికి అబద్ధమైంది. రికార్డు మీద దువాల్ పేరు అచ్చయ్యేసరికి అది వాడి ఉద్యోగమైంది.

ఇప్పుడు ఊరూరా ఇదే వరస. ఈవెట్ ముందు నిలబడి పెదవులు ఆడిస్తుంది. ఆర్డీలియా తెర వెనక నుంచి పాడుతుంది. ఊళ్లోవాళ్ల దృష్టిలో ఆమె దువాల్ గారి టోపీల డబ్బాలు మోసే పనిమనిషి.

ఊరికే ఒప్పుకుందా? లేదు. "ఈ తిరుగుడు అయిపోగానే నీ పేరు మీద రికార్డు. పెద్దాయనతో మాట్లాడేశాను, సరేనన్నారు" అని మెర్ల్ ఆమెకు మాటిచ్చాడు. పెద్దాయనతో మాట్లాడిన మాట ఎంత నిజమో, జడ్జి రాజీనామా అంత నిజం.

ఇదీ కథ. ఇక పడూకా ఆర్డీలియా సొంతూరు. దానికి తోడు, ఇంతవరకు ఏ ఊరి ఆటకీ రాని పెద్దాయన లార్క్‌వుడ్ సరిగ్గా ఇవాళే రైలు దిగి మొదటి వరసలో కూర్చున్నాడు.

ఆట మొదలయ్యే ముందు తెర వెనక ఆర్డీలియా మెర్ల్‌ని ఆపింది.

"మిస్టర్ మెర్ల్, మా అమ్మ వచ్చిందండి."

"మంచిదేగా."

"అమ్మ ఒక్కతే కాదు. చర్చి చర్చంతా వచ్చింది. తెల్ల బట్టలేసుకుని వచ్చారు. నేను పెట్టెలో పాడానని ఏడాది కిందటే అమ్మ అందరికీ చెప్పుకుంది. కొట్టుకెళ్లి అడిగితే నా పేరుతో రికార్డు లేదన్నారు. అప్పట్నుంచీ ఆడవాళ్లు ఏడిపిస్తున్నారట. 'నీ కూతురు ఏ పెట్టెలో పాడింది మదర్ పూల్, సబ్బుల పెట్టెలోనా?' అని."

మెర్ల్ నవ్వబోయి ఆగాడు.

"ఇవాళ ఆఖర్న నన్ను బయటికి పిలిచి నా పేరు చెప్తానన్నారు కదండీ. చెప్తారా?"

"చెప్పకపోతే నా పేరు మెర్ల్ కాదు."

"పెద్దాయన కూడా ఉన్నారు. ఆయనకి మీరు ముందే చెప్పారు కాబట్టి ఇబ్బంది లేదులెండి."

"ఏం ఇబ్బంది?" అన్నాడు మెర్ల్. అద్దం ముందు పౌడరు రాసుకుంటున్న ఈవెట్ అటు తిరగకుండానే, "నాకు దవడలు నొప్పెడుతున్నాయి మెర్ల్" అంది. "ఏమీ పాడకుండా దవడలు నొప్పెట్టిన పాటగత్తెను ప్రపంచంలో నేనొక్కదాన్నే."

మొదట దీపాల వెలుగులోనే పాట. నది పొంగిన పాట అది. "నది పొంగిందమ్మా, నా పడవేదమ్మా" అని లైను. దాని వెనక మాటల్లేని మూలుగు ఒకటి సాగుతుంది. ఆ మూలుగే జనాన్ని ఏడిపించేది. మెర్ల్ సూది పెట్టాడు. పెట్టె పాడింది. ఈవెట్ పెదవులు కదిపింది. మెర్ల్ మెత్తగా సూది ఎత్తేశాడు. తెర వెనక నుంచి ఆర్డీలియా అదే మాట మీద అందుకుంది. పెట్టెలో స పలకదు, ష పలకదు. ఆమె కూడా వాటిని మింగేసి సన్నగా పాడుతుంది. పెట్టె మనిషిలా పాడుతుందని కంపెనీ టముకు వేస్తుంటే, మనిషి పెట్టెలా పాడుతోందన్నమాట.

జనం చప్పట్లు కొట్టారు. పెద్దాయన మీసం దువ్వుకున్నాడు.

"ఇప్పుడు చీకటి పరీక్ష!" అన్నాడు మెర్ల్.

దీపాలార్పారు. చీకట్లో పాట మొదలైంది. కింద తెల్లవాళ్లు ఊపిరి బిగబట్టారు. "నది పొంగిందమ్మా, నా పడవేదమ్మా..." మూలుగు సాగింది, ఆగింది. నిశ్శబ్దం. అది పెట్టె.

మెర్ల్ సూది ఎత్తాడు. "నది పొంగిందమ్మా..." మూలుగు సాగింది, ఆగింది.

పైన, నల్లవాళ్లని కూర్చోబెట్టే బాల్కనీలోంచి ఒక ముసలి గొంతు లోతుగా, నిదానంగా, "మ్మ్‌... మ్మ్‌..." అని బదులు పలికింది. దాని వెంట ఇంకో పదిమంది పలికారు.

మళ్లీ పెట్టె. బాల్కనీ మాట్లాడలేదు. మళ్లీ మనిషి. బాల్కనీ పలికింది.

మూడోసారికి కింద వరసలో ఒక మంగలి లేచి, "పట్టేశాం రోయ్!" అని అరిచాడు. "పైనవాళ్లు పలికితే మనిషి, పలక్కపోతే పెట్టె. ఎవరయ్యా ఇంకా పుట్టలేదన్నది? పైన బాల్కనీ నిండా పుట్టి కూర్చున్నారు!"

హాలంతా నవ్వులు. మెర్ల్ కంగారు పడలేదు. కంగారు పడటం వాడి వృత్తికే మచ్చ. సూది చప్పుడవకుండా ఎత్తాడు. ఎత్తినట్టు చేసి ఎత్తలేదు. ఒకసారి సగం మూలుగు దగ్గర మార్చాడు. ఎన్ని వేషాలేసినా బాల్కనీ ఒక్కసారీ తప్పలేదు. నవ్వు ప్రతిసారీ పెద్దదవుతోంది.

దీపాలు వెలిగాయి. పెద్దాయన మొహం బీట్‌రూట్ దుంపలా ఉంది. "పికెట్! పైనవాళ్లని నోళ్లు మూసుకోమను."

"అయ్యా పైనవాళ్లూ, దయచేసి కాస్త..." అని మెర్ల్ మొదలెట్టాడు.

బాల్కనీ కటకటాల దగ్గర తెల్లగౌను, తెల్లటోపీ వేసుకున్న ముసలావిడ లేచి నిలబడింది. చేతిలో విసనకర్ర. మదర్ పూల్ అని చెప్పకుండానే మెర్ల్‌కి తెలిసిపోయింది. ఆ నుదురు తెర వెనక మనిషిదే.

"పిలిస్తే పలకాలి కదా బాబూ" అంది మర్యాదగా. "మా చర్చిలో పాటతో పిలిచినవాళ్లని ఒంటరిగా వదిలెయ్యం. నోరు మూసుకుందామనే చూశాం. మావల్ల కాలేదు."

"మరి పెట్టె పాడితే ఎందుకు పలకవు ముసలమ్మా?" అన్నాడు మంగలి. వాడికి సరదాగా ఉంది.

ముసలావిడ కటకటాల మీదికి వంగింది.

"రెండూ నా బిడ్డ గొంతే బాబూ. కాకపోతే పెట్టెలోది నన్ను పిలవట్లేదు."

అందరూ మదర్ పూల్‌ని చూశారు. తర్వాత స్టేజీ మీద పాలలా తెల్లగా నిలబడ్డ ఈవెట్‌ని చూశారు. మళ్లీ మదర్ పూల్‌ని చూశారు. ఎక్కడో ఒక నవ్వు మొదలైంది. ఇంకెక్కడో అంత మంచిది కాని గొణుగుడు ఒకటి మొదలైంది. పెద్దాయన కుర్చీలోంచి సగం లేచాడు.

అప్పుడు మెర్ల్ పికెట్ తనకు బాగా చేతనైన పని చేశాడు.

"విన్నారా!" అని కేక పెట్టాడు. "దువాల్ గారికి మిల్వాకీలో ఒక తల్లి, పడూకాలో ఇంకో తల్లి! ఇంకో పాట పాడితే తాతలు కూడా దిగేట్టున్నారు. అవ్వా, నీక్కావలసింది కళ్లద్దాలు కాదు, చెవులద్దాలు!"

వాడి జన్మలో అంత పెద్ద నవ్వు ఎప్పుడూ రాలేదు. కుర్చీలు ఊగాయి. పెద్దాయన కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు. మంగలి పక్కవాడి వీపు చరిచాడు. గొణుగుడు కూడా నవ్వులో కలిసిపోయింది. గండం గడిచింది.

మెర్ల్ పైకి చూశాడు. చూడకుండా ఉండాల్సింది.

బాల్కనీలో విసనకర్రలన్నీ ఆగిపోయాయి. మదర్ పూల్ ఇంకా నిలబడే ఉంది. ఆవిడ మొహంలో కోపం లేదు. కోపమైతే వాడు తట్టుకునేవాడే. ఆవిడ సిగ్గుపడుతోంది. చుట్టూ ఉన్న తెల్ల టోపీల వైపు చూసి, ఏదో తప్పు చేసినట్టు, ఏడాదిగా చెప్పుకున్నదంతా నిజంగానే ఉత్త గొప్పలైనట్టు తల దించుకుని మెల్లగా కూర్చుంది. పక్కన ఒకావిడ కొంచెం పక్కకి జరిగింది.

మెర్ల్ చెవులు కాలిపోయాయి. కాల్చిన పటకారుతో ఎవరో మెలిపెట్టినట్టు. వాడికి సిగ్గు కొత్త. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పెట్టె కీ తిప్పడం మొదలెట్టాడు. తిప్పుతూ తెర వైపు వంగి గుసగుసలాడాడు.

"డీలియా, ఆఖరి పాట. కానిచ్చెయ్. తర్వాత మాట్లాడుకుందాం."

తెర వెనక నుంచి అంతే మెల్లగా వచ్చింది జవాబు. "మా అమ్మకి చెవులద్దాలు కావాలా, మిస్టర్ మెర్ల్?"

"తమాషాకి అన్నాను."

"మీరు అన్నీ తమాషాకే అంటారు. చికాగోలో నన్ను లోపలికి పిలిచిందీ తమాషాకే."

"నీ పేరు చెప్తానన్నానుగా. ఆఖర్న చెప్తాను."

"ఆఖరు ఇదేనండి."

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. ఈవెట్ దవడలు సిద్ధం చేసుకుంది. మెర్ల్ సూది పెట్టాడు. నది పొంగింది. పెట్టె మూలిగింది. బాల్కనీ పలకలేదు. పెట్టె కాబట్టి పలకలేదో, ఇంక ఎవరు పిలిచినా పలకదల్చుకోలేదో వాడికి తెలియలేదు.

మెర్ల్ సూది ఎత్తాడు.

ఈవెట్ పెదవులు తెరుచుకున్నాయి. మూసుకున్నాయి. మళ్లీ తెరుచుకున్నాయి. చెయ్యి గుండెల మీదికి వెళ్లింది. మెడ వెనక్కి వాలింది. నది పొంగాల్సిన చోట నోరు పొంగింది.

శబ్దం లేదు.

పడూకా ఒపేరా హౌస్‌లో దీపాలన్నీ వెలుగుతుండగా, ఊరంతా చూస్తుండగా, మిస్ ఈవెట్ దువాల్ గారు ఏమీ లేని పాట పాడారు. ఎంత బాగా పాడారంటే, ఆ నిశ్శబ్దం బాల్కనీ దాకా స్పష్టంగా వినపడింది.

"గట్టు మీద చేపలా ఉందేమిట్రా" అన్నాడు మంగలి. ఈసారి వాడి గొంతులో సరదా లేదు.

ఈవెట్ నోరు మూసుకుంది. తిరిగి మెర్ల్ వైపు చూసింది. "ఇంక నావల్ల కాదు మెర్ల్" అంది. మొదటి మూడు వరసలకి వినపడింది. ఆ మాట పెట్టెలో గొంతులా లేదని మూడు వరసలకీ తెలిసిపోయింది.

"పికెట్!" అన్నాడు పెద్దాయన. "ఏమిటిది?"

మెర్ల్ నాలుక మీద మూడు అబద్ధాలు ముస్తాబై నిలబడ్డాయి. దువాల్ గారికి గొంతు పట్టేసింది, ఒకటి. ఒహాయో నది గాలి పడలేదు, రెండు. ఇది మా కంపెనీ కొత్త పరీక్ష, నిశ్శబ్దానికీ పాటకీ తేడా కనిపెట్టండి, మూడు. మూడోది మరీ బాగుంది. దానికి ఇంకో నవ్వు ఖాయం. పెద్దాయన కూడా నవ్వుతాడు.

నోరు తెరిచాడు. పైన మదర్ పూల్ లేచి టోపీ సర్దుకుంటోంది. వెళ్లిపోవడానికి. పక్క సందులోకి దిగే మెట్ల వైపు ఆవిడ నడుస్తుంటే వరసలో ఆడవాళ్లు మోకాళ్లు పక్కకి తిప్పి దారిస్తున్నారు. ఎవరూ ఆవిడ మొహం చూడటం లేదు. ఆ సిగ్గు ఆవిడది కాదు. అది మెర్ల్‌ది. ఆవిడ దాన్ని మోసుకుని మెట్లు దిగబోతోంది.

"అవ్వా, ఆగండి!"

హాలు ఉలిక్కిపడింది. కెంటకీ రాష్ట్రంలో తెల్ల కుర్రాడు నల్ల ముసలావిడని నిండు సభలో 'అండి' అని పిలవడం ఆ ఊరు అంతకుముందు వినలేదు. పెద్దాయన మీసం కూడా వినలేదు.

"మీ చెవులు బాగానే ఉన్నాయండి" అన్నాడు మెర్ల్. వాడి గొంతు వాడికే కొత్తగా, సన్నగా, పెట్టెలోంచి వస్తున్నట్టు వినపడింది. "అది మీ బిడ్డ గొంతే. పెట్టెలోదీ అదే, ఇందాకటిదీ అదే. ఈవిడ గొంతు ఆ రికార్డులో ఒక్క మాట కూడా లేదు. ఈవిడ తప్పు కాదు, ఈవిడని నిలబెట్టింది నేను. పెద్దాయన తప్పూ కాదు, ఆయన్ని నమ్మించింది నేను. ఆ పాట పాడిన మనిషి పేరు ఆర్డీలియా పూల్. మీ ఊరిపిల్ల. మీ కూతురు. ఆ తెర వెనక ఉంది."

ఎవరూ నవ్వలేదు. మెర్ల్ జీవితంలో నిజం చెప్పిన సందర్భాలు తక్కువ. దానికి జనం ఏం చేస్తారో వాడికి అనుభవం లేదు. మొదటి వరసలో పెద్దాయన పూర్తిగా లేచాడు. వెనక వరసల్లో కుర్చీలు చప్పుడు చేస్తూ జరిగాయి. బాల్కనీ తలుపు దగ్గర మదర్ పూల్ వెనక్కి తిరిగింది. పక్కకి జరిగిన ఆడవాళ్లంతా ఒక్కొక్కరే లేచి ఆవిడ చుట్టూ నిలబడ్డారు.

"చెప్పాను డీలియా" అన్నాడు మెర్ల్ తెర వైపు తిరిగి, ఊపిరి పీల్చుకుంటూ. "చెప్పేశాను."

తెర కదిలింది, కానీ తెరుచుకోలేదు. లోపలి నుంచి ఆర్డీలియా మాట వచ్చింది. ఈసారి స మింగలేదు, ష మింగలేదు. గుసగుస కూడా కాదు. బాల్కనీ చివరిదాకా వినపడే గొంతు.

"సగమే చెప్పారు, మిస్టర్ మెర్ల్. నా సంగతి పెద్దాయనతో ఎప్పుడో మాట్లాడానన్నారు. నా పేరు మీద రికార్డుకి ఆయన సరేనన్నారన్నారు. ఇదిగో, ఆయన మీ ఎదురుగానే ఉన్నారు. అదీ చెప్పండి, మా అమ్మ వింటుంది."

"ఏ రికార్డు?" అన్నాడు లార్క్‌వుడ్. "ఎవరి పేరు?"

ఆ రెండు ప్రశ్నలు చాలు. తెర వెనక ఊపిరి ఆగడం మెర్ల్‌కి వినపడింది. ఆ మాట నమ్మి ఊరూరా టోపీల డబ్బాలు మోసిన మనిషికి ఇప్పుడే, ఇక్కడే, అందరితోపాటు తెలిసింది. ముస్తాబైన మూడు అబద్ధాలూ ఎటో పారిపోయాయి. నాలుక మీద ఒక్కటే మాట మిగిలింది. అది చెప్పడానికి వాడు పెట్టెను పట్టుకోవాల్సి వచ్చింది.

"ఆయనకి చెప్పలేదు డీలియా" అన్నాడు. "ఒక్కసారి కూడా, ఎప్పుడూ చెప్పలేదు."